బార్బరా కార్ట్‌లండ్: ఒక నవలాకర్త్రి నిత్యకృత్యము

గత మాసమున నొక సాయంకాలము మా పొరుగింటి యిల్లాలు కొంగుచాటున నేదియో దాచుకొని మా వంటయింటిలోనికి వచ్చినది. తీసి చూపగా నది యొక చిన్న ఆంగ్ల నవల. అట్టమీద గులాబి వన్నె గౌను తొడిగిన కన్యక, ఆమె వెనుక నల్లకోటు ధరించిన ప్రభువు. "వదినగారూ! మా అమ్మాయి పరీక్ష పుస్తకము క్రింద దీనిని దాచిపెట్టి చదువుచున్నది. దీనిని పొయ్యిలో పెట్టవలెనా, మరల దాని చేతికే ఈయవలెనా, మీరే చెప్పుడు" అని యామె యడిగినది.

ఆ పిల్లకు పదునాఱేండ్లు. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. మా చిన్నతనమున మా తండ్రిగారు మమ్ము బడికి పంపక యింటనే భారత భాగవతములను, ప్రబంధములను చెప్పిరి. శృంగారనైషధము చెప్పునపుడు కొన్ని పద్యముల కడకు వచ్చుసరికి దగ్గి, నాలుగైదు పుటలు ఒక్కసారి త్రిప్పివేసెడివారు. ఆ త్రిప్పివేసిన పుటలనే మేము తరువాత అటక యెక్కి చదివితిమి. దాచిన పుస్తకమునకు బల మెంతయో మేమెఱుగుదుము.

కావున ఆ నవలను మాయొద్దనే యుంచుకొని రెండు మధ్యాహ్నములలో చదివి ముగించితిమి. పిమ్మట గ్రంథకర్త్రి యెవరో, ఎట్లు జీవించెనో, ఎట్లు వ్రాసెనో తెలిసికొంటిమి. నవలకంటె నవల వ్రాసిన యామె చరిత్రయే మమ్ము ఎక్కువగా ఆకర్షించినది. దానినే సోదరీమణులకు నివేదించుచున్నాము.

బార్బరా కార్ట్‌లండ్ 1901వ సంవత్సరము జూలై 9వ తేదీన ఇంగ్లండు దేశమున బర్మింగుహాము నగరమునకు చేరిన ఎడ్జిబాస్టనులో జన్మించెను. పుట్టినపుడు ఇంట భాగ్యము కలదు. ఆమెకు రెండేండ్లైనను నిండినవో లేదో, 1903లో తాతగారి వ్యాపారము కూలి ఆయన తన ప్రాణమును తానే తీసికొనెను. పదునైదేండ్లు గడచునప్పటికి, 1918లో, తండ్రి ప్రథమ ప్రపంచ యుద్ధమున నిహతుడయ్యెను. అప్పటికి బార్బరాకు పదునాఱేండ్లు. మా పొరుగింటి పిల్ల యీడే. తల్లి పాలీగారు ముగ్గురు బిడ్డలతో మిగిలెను. ఆమె కన్నీరు తుడుచుకొని లండనులో నొక దుస్తుల దుకాణము తెఱచి సంసారము నడపెను. పరువుగల యింటి స్త్రీ యంగడి పెట్టుట ఆ దినములలో ఆ దేశమునను అంత తేలికైన పని కాదు. పనిచేసి బ్రదుకుట సిగ్గు కాదను పాఠము కూతురికి తల్లియొద్దనే లభించినది.

కూతురు కలము పట్టెను. డెయిలీ ఎక్స్‌ప్రెస్ పత్రికకు లండను విందులు వినోదములనుగూర్చి చిన్న చిన్న వార్తలు వ్రాసెను. ఆ పత్రికాధిపతి బీవర్‌బ్రుక్ ప్రభువు ఆమె వ్రాతలను దిద్ది, తక్కువ మాటలలో ఎక్కువ చెప్పుట నేర్పెను. 1923లో మొదటి నవల 'జిగ్‌సా' వెలువడెను. అప్పటి కామెకు ఇరువదిరెండేండ్లు. అది మొదలు మరణించువఱకు ప్రకటితములైన గ్రంథములు 723 అని లెక్క. ఇవి గాక అచ్చుకాని వ్రాతప్రతులు నూటయఱువది మిగిలియుండెను.

ఇన్ని ఎట్లు వ్రాసెనని మీరడుగుదురు. మేమును మొదట అదియే యడిగితిమి. ఆమె దినచర్య చూచిన పిమ్మట ఆశ్చర్యము తగ్గి గౌరవము పెరిగినది.

ఉదయమున శయ్యమీదనే కూర్చుండి యుత్తరములు చూచుకొనుట, ఇంటిపనులకు ఉత్తరువు లిచ్చుట, కేశాలంకారము ముగియును. మధ్యాహ్న భోజనమైన పిమ్మట, ఒంటిగంట మొదలు మూడున్నరవఱకు, ఆమె వేళ. గ్రంథాలయపు గదిలో సోఫామీద పండుకొని, కాళ్లపై కంబళి కప్పుకొని, వేడినీటి సంచి పెట్టుకొని, పెంపుడు కుక్కను దగ్గఱ నుంచుకొని, కన్నులు మూసి కథ చెప్పును. వెనుకవైపున కూర్చుండి కార్యదర్శిని షార్టుహ్యాండులో వ్రాసికొనును. ఒక్క మధ్యాహ్నమున ఆఱు, ఏడు వేల మాటలు దొరలెడివట. మా నోటుపుస్తకమున పుటకు నూటయేబది మాటలు పట్టును. ఆ లెక్కను నలుబది పుటలకు పైమాటయే! దినమునకొక ప్రకరణము చొప్పున రెండు వారములకొక నవల పూర్తియగును.

వ్యాసుడు చెప్పుచుండగా గణపతి వ్రాసెనని మనము విన్నదే. తిక్కన సోమయాజి చెప్పుచుండగా గురునాథుడు గంటము ఆపకుండ వ్రాసెనని మన తెలుగునాట ఐతిహ్యము. చెప్పువారు, వ్రాయువారు వేఱైనపుడు కథకు నోటిమాటల నడక వచ్చును. కార్ట్‌లండ్ నవలలలో వాక్యఖండికలు పొట్టివి, సంభాషణలు మెండు. తీరిక లేని యిల్లాలు చారు మరగులోపల నాలుగు పుటలు చదువగలదు. ఇది పండితులు మెచ్చు గుణము కాకపోవచ్చును. చదువువారిపై దయ గల గుణమని మేము తలంచెదము.

ఈ వేగము చూచి ఆమెను ఆలోచన లేని వ్రాతరి యనుకొనరాదు. నవల మొదలిడకముందు ఆ కాలమును గూర్చిన చరిత్ర గ్రంథములను ఇరువదివఱకు తెప్పించుకొని చదువుట ఆమె యలవాటు. ఆమె కథలలో పెక్కింటికి కాలము పందొమ్మిదవ శతాబ్ది. నాటి బండ్లు, నాటి దుస్తులు, నాటి రాజకార్యములు ఎట్టివో తెలిసికొనినగాని సోఫామీదికి చేరదు. కథ తోచనపుడు దైవమును ప్రార్థించెదననియు, ప్రార్థించిన పిమ్మట కథ దొరకుననియు ఆమె చెప్పుచుండెడిది. డెబ్బది యేండ్లు దాటినవారు మన యిండ్లలో విశ్రాంతి కోరుదురు. ఆమె ఆ వయస్సుననే వేగము హెచ్చించి, కొన్ని సంవత్సరములలో ఇరువదికి పైగా నవలలు ముగించెను.

ఆమె కథల కట్టడి యొక్కటే. నాయిక కన్య, అమాయిక, శీలవతి. నాయకుడు గర్వి. మధ్య అపాయము, అపార్థము. తుదకు వివాహము. నాయిక పేరు మార్చినచో ఒక నవల మఱియొక నవల యగునని విమర్శకులు నవ్విరి. ఆ నవ్వునందు న్యాయము లేకపోలేదు. మేము చదివిన యా యొక్క నవలయందే, సగమునకు రాకముందే తుది పుట తెలిసిపోయినది. ఐనను చదువుట మానలేదు!

ఇక ఆమె సొంత కథ యేమి? 1927లో అలెగ్జాండరు మెకార్కొడేల్ అను నాయనను పెండ్లాడెను. 1929లో రెయిన్ అను కూతురు కలిగెను. ఆ కాపురము నిలువలేదు. 1933లో న్యాయస్థానమున విడాకులతో ముగిసినది. వందలకొలది కన్యలను పెండ్లిపీటలమీద కూర్చుండబెట్టి సుఖముగా నుండుడని దీవించిన యామెకు తన మొదటి పెండ్లి ముండ్లదారియే యైనది. 1936లో మొదటి భర్తకు జ్ఞాతియగు హ్యూ మెకార్కొడేలును వివాహమాడెను. ఆ దాంపత్యము ఆయన మరణించిన 1963వఱకు అనుకూలముగా సాగినది. వారికి ఇరువురు కుమారులు.

అన్నిటికంటె పెద్ద దెబ్బ 1940లో తగిలినది. తమ్ముడు రొనాల్డును ఆమె ఎంతయో ప్రోత్సహించెను. అతడు 1935లో పార్లమెంటు సభ్యు డయ్యెను. రెండవ తమ్ముడు ఆంథొనీ సైనికుడు. ఇరువురును 1940 మే మాసమున డంకర్కు తిరోగమన సమయమున ఒకదినము తేడాలో యుద్ధభూమియందు మడిసిరి. తండ్రిని మొదటి యుద్ధము, తమ్ములను రెండవ యుద్ధము గొనిపోయెను. తల్లి యా రెండు యుద్ధములను చూచినది. ఆ పాలీగారి దుఃఖమును తలచుకొనగా మాకు గాంధారి జ్ఞప్తికి వచ్చినది.

అట్టి దుఃఖమున బార్బరా చేసిన పని సోదరీమణులు వినదగినది. ఆమె తమ్ముని చరిత్రమును గ్రంథముగా వ్రాసెను. 1942లో వెలువడిన యా గ్రంథమునకు చర్చిలుగారు తొలిపలుకు వ్రాసిరి. అంతటితో ఆగక, సైన్యమున పనిచేయు స్త్రీల యోగక్షేమములు చూచు నుద్యోగము పూనెను. ఆనాడు బట్టలకు కూపనులు. పెండ్లికూతురు తెల్లని గౌను కుట్టించుకొనవలెనన్న కూపనులు చాలవు. బార్బరా అధికారులతో పోరాడి, ఎరవిచ్చుటకై సుమారు వేయి పెండ్లి గౌనులను సేకరించి, సైన్యమునందలి వధువులకు ఒకరి తరువాత ఒకరికి అందునట్లు చేసెను. తన యింట చావులు జరిగిన కాలముననే పరుల యింట పెండ్లిండ్లకు బట్టలు సమకూర్చిన స్త్రీని వట్టి ఊహాలోకవాసిని యనవచ్చునా?

యుద్ధానంతరము 1950లో హార్టుఫర్డుషైరులోని కామ్‌ఫీల్డ్ ప్లేస్ అను పెద్ద యింటికి చేరి తుదివఱకు నక్కడనే యుండెను. దేశద్రిమ్మరులగు జిప్సీల పిల్లలు నిలువ నీడ లేక చదువునకు దూరమగుచుండగా, వారికి నివాసస్థలము లీయవలెనని స్థానికాధికారులతో తగవులాడెను. మంత్రసానుల జీతములు హెచ్చింపవలెనని వాదించెను. మన దేశమున కడపటి వైస్రాయిగా నుండిన మౌంటుబాటెను ప్రభువు ఆమెకు మిత్రుడు. ఆయన సాయముతో నౌకాజీవితమును గూర్చి వ్రాసిన నవల ఆయన హత్యానంతరము 1980లో వెలువడెను. 1991లో 'డేమ్' బిరుదము లభించెను. 2000 సంవత్సరము మే 21వ తేదీన, తొంబదితొమ్మిదవ యేట, మరణించెను. కోరిక ప్రకారము అట్టపెట్టెయందుంచి, మొదటి ఎలిజబెత్తు రాణి నాటినదని చెప్పుకొను ఓకు చెట్టుక్రింద, తన తోటయందే సమాధి చేసిరి.

ఇక మా పొరుగింటి ప్రశ్నకు వచ్చెదము. దానికి ఆ కుటుంబముననే ఒక సాక్ష్యము కలదు. కూతురు రెయిన్ 1976లో స్పెన్సరు ప్రభువును పెండ్లాడగా, ఆయన కుమార్తె డయానా కామె సవతికూతురయ్యెను. డయానా బాల్యమున కార్ట్‌లండ్ నవలలను ఆసక్తితో చదివెననుట లోకప్రసిద్ధము. 1981లో ఆమె రాకుమారుని పెండ్లాడినది. ఆ పెండ్లి అచ్చముగా కార్ట్‌లండ్ నవల తుదిపుట వలెనే యుండెను. కాని పుస్తకము అక్కడ ముగియును, జీవితము ముగియదు. 1996లో విడాకులు, 1997లో దుర్మరణము.

దీనికి నవలలే కారణమని మేమనము. అట్లనుట అన్యాయము. నవల ఎక్కడ ఆగునో పిల్లలకు చెప్పువారుండవలెనని మాత్రమే మా మాట. శ్రీనాథుని నైషధము నలదమయంతుల పెండ్లితోను, వారి సుఖముతోను ఆగును. భారతమున అరణ్యపర్వము చదివినగాని జూదము, అడవి, నిద్రించుచున్న దమయంతిని నలుడు విడిచిపోవుట తెలియవు. ఆ చీకటి రాత్రి తరువాత ఆమె చూపిన తెలివియు తెలియదు. నైషధము అబద్ధమా? కాదు. అది సగము కథ. మా తండ్రిగారు పుటలు త్రిప్పిరేగాని అరణ్యపర్వమును మాత్రము ఒక్క పుటయు విడువక చెప్పిరి. అందులకు మేము ఋణపడియున్నాము.

కావున పుస్తకమును మా పొరుగింటి యిల్లాలికే తిరిగి యిచ్చి యిట్లంటిమి: "పొయ్యిలో పెట్టవద్దు. పరీక్షలైన పిమ్మట బల్లమీదనే పెట్టుకొని చదువుమని చెప్పుడు. దీనిని వ్రాసినయామె కథను మేము చెప్పెదము, దానిని ఒకమారు మాయొద్దకు పంపుడు."

పరీక్షలు ముగియగనే పిల్ల వచ్చినది. మేము గోంగూర కోయుచు పైన వ్రాసినదంతయు చెప్పితిమి. తమ్ములిద్దరి మాట వచ్చినపుడు అది తలవంచుకొన్నది. తుదకు ఒక్కటే యడిగినది: "విడాకులైన తరువాత ఆమె యేమి చేసినది అత్తయ్యగారూ?"

"మఱునాడు మధ్యాహ్నము మరల వ్రాసికొన్నదమ్మా" యంటిమి.

మా యింటివారు బడికి పోయిన పిమ్మట మాకును ఒక గంట చిక్కును. చాకలి పద్దు, పాలవాని పిలుపు, ఎండలోని అప్పడములు దానిని ముక్కలు చేయుచుండును. ఈ వ్యాసము నెలదినములుగా మొదటి పుటయందే నిలిచియుండెను. ఆ సంగతి విని పిల్ల, "మీరు చెప్పుడు, నేను వ్రాసెదను" అని నోటుపుస్తకము తీసికొన్నది. మాకు సోఫా లేదు, కుక్క లేదు. పీటమీద కూర్చుండి కూర తరుగుచు చెప్పితిమి. వరుసగా తొమ్మిది మధ్యాహ్నములు అది వచ్చినది. బండి ఱకారము దానికి అలవాటు లేదు, దిద్దుటకు మాకు కొంత పట్టినది. మీరు చదువుచున్న యీ పుటలు ఆ గురునాథుని చేతివ్రాతయందే సంపాదకులకు చేరినవి.