పంటి నొప్పి తగ్గితే జబ్బు పోయినట్టేనా?

పన్ను నొప్పి పుడితే మనలో చాలామంది లవంగం నొక్కి పెట్టుకుంటాం, లేదంటే మందుల షాపులో రెండు మాత్రలు కొని మింగుతాం. నాలుగు రోజులకు నొప్పి పోతుంది. ప్రొద్దుటూరుకో, కడపకో పోవాలంటే బస్సు చార్జీలు, ఒకరోజు కూలి దండగ కదా అని ఊరుకుంటాం. ఇక్కడే మోసపోతాం. పన్ను లోపలి నరం చచ్చిపోయినా నొప్పి ఆగుతుంది. పుప్పి మాత్రం ఆగదు. సూక్ష్మజీవులు వేరు కొస దాకా దిగి, అక్కడ చీము పట్టిస్తాయి.

నొప్పి తీరును బట్టి ఎప్పుడు వెళ్లాలో తెలుసుకోండి.

1. చల్లనిది, తీపి తగిలినప్పుడు జివ్వుమని, వెంటనే తగ్గితే: పుప్పి మొదలై ఉండవచ్చు, లేదా చిగురు జారి ఉండవచ్చు. కొద్దిరోజుల్లో చూపించుకోండి. పుప్పి అయితే సిమెంటు నింపడంతో సరిపోవచ్చు.

2. వేడి తగిలాక చాలాసేపు సలుపుతుంటే, రాత్రి పడుకుంటే ఎక్కువైతే: నరం వాచి ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో వెళ్లండి. చాలాసార్లు రూట్ కెనాల్ చేసి పన్ను కాపాడవచ్చు.

3. నమిలితే నొప్పి, చిగురు మీద చీము పొక్కు: వేరు దగ్గర చీము చేరింది. పొక్కు పగిలి నొప్పి తగ్గినా వెళ్లాల్సిందే.

ఒక్క గంట కూడా ఆగకూడనివి: వాపు కంటి వైపుకో, గొంతు కిందికో పాకడం, జ్వరం, నోరు తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం. ఇది ప్రాణం మీదికి వచ్చే స్థితి. రాత్రయినా సరే 108కి ఫోన్ చేసి పెద్ద ఆసుపత్రికి చేరండి. దవడ నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు ఉంటే అది గుండెపోటు కావచ్చు. అప్పుడూ అంతే.

పై పన్ను పీకిస్తే చూపు పోతుందని పెద్దలు భయపడతారు. అది నిజం కాదు. చూపునిచ్చే నరం వేరు, పంటి నరం వేరు.

డాక్టరును చూసే వరకు గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించండి. ఆస్పిరిన్ మాత్ర చిగురు మీద పెట్టవద్దు, పుండు పడుతుంది. పొగాకు అదమవద్దు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వాడవద్దు. షుగరు, గుండె జబ్బు, రక్తం పలచబడే మందులు, గర్భం ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.

కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. జమ్మలమడుగు, పులివెందుల వైపు పల్లెల వారు కూడా అక్కడ చూపించుకోవచ్చు. సిమెంటుతో పోయేదాన్ని పన్ను పీకించుకునే దాకా తెచ్చుకోకండి.