రహీం మాస్టారి పోలీసు జట్టు

నల్లగొండలో గాని, మహబూబునగరులో గాని సాయంకాలం చివరి పీరియడులో ఉన్నత పాఠశాల మైదానాన్ని చూచినవారికి ఒక దృశ్యం సుపరిచితం. ఎర్రమట్టి నేల, అక్కడక్కడ పైకి తేలిన బండరాయి. డ్రిల్లు మాస్టారు ఈల వేసి ఒక బంతిని మధ్యకు విసరుతారు. నలభైమంది పిల్లలు ఆ ఒక్క బంతి వెంట బెల్లపుముక్కకు పట్టిన చీమలవలె గుంపుగా సాగుతారు. బంతి దొరికినవాడు దానిని వదలడు. దొరకనివాడు అరుస్తూ వెంటబడతాడు. గంట మోగేసరికి పిక్కబలం గల నలుగురైదుగురు ఆడివుంటారు, తక్కినవారు ఊరకే పరుగెత్తివుంటారు.

ఈ చిక్కునే హైదరాబాదు నగరంలో ఒక ఉపాధ్యాయుడు తన చిక్కుగా తీసికొన్నారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టము పుచ్చుకొని, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైనచోట్ల పాఠశాలలలో బోధించినారు. వ్యాయామవిద్యలో కూడ శిక్షణ పొందినారు. యౌవనంలో నగరపు క్లబ్బులలో ఆడిన ఆటగాడే. 1940ల ఆరంభంలో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘానికి కార్యదర్శి అయినారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ ఆయన చేతికి వచ్చినది. తరువాత ఏడెనిమిది సంవత్సరాల కాలంలో ఆ జట్టు సాధించిన విజయాలు నేటి విద్యార్థులకు కట్టుకథలవలె తోచవచ్చును.

ఆయన నెలకొల్పిన పోటీలను గూర్చి ముందుగా చెప్పవలె. జట్టు రహస్యమంతా అందులోనే వున్నది. నగరంలోని కుర్రవాండ్లకు ఆయన రెండు విచిత్రమైన పందేలు పెట్టించినారు. ఒకదానిలో బంతిని కాళ్ల మధ్య పెట్టుకొని నలుగురిని తప్పించుకుపోవడం నిషిద్ధం. బంతి అందిన మరుక్షణమే తోటివానికి పంపవలె. రెండవదానిలో ప్రతివాడును తనకు చేతగాని కాలితోనే తన్నవలె. కుడికాలివాటం వానికి కుడికాలు లేనట్టే లెక్క.

మొదటి నియమం వలన ఏమి జరిగినది? బంతిని వెంటనే వదలవలసినవాడు, అది తన వద్దకు రాకముందే ఎవరికి పంపవలెనో చూచుకోక తప్పదు. అనగా తల పైకెత్తవలె. తక్కినవారు కూడ వెనుక గుంపుగా పరుగెత్తిన ప్రయోజనం లేదు. బంతి అందుకోదగిన ఖాళీచోటికి పోయి నిలువవలె. ఒక్క నియమంతో చీమలబారు విడిపోయి మైదానమంతా పరచుకొన్నది. రెండవ నియమానికి కారణం ఇంకను సులభం. ఒక్క కాలే వాటమైనవాడు ఏ ప్రక్కకు తిరుగునో ఎదుటివానికి ముందే తెలిసిపోతుంది. రెండు కాళ్లు వచ్చినవాని సంగతి చివరి క్షణం దాక తెలియదు. పిల్లవాడు గట్టిగా వున్న పాఠాన్ని పదేపదే వల్లించి మెప్పు పొందుతాడు. గురువు మాత్రం రాని పాఠాన్నే అడుగుతాడు. రహీం గారిలోని ఉపాధ్యాయుడు మైదానంలో కూడ ఆ పనే చేసినాడు.

ఇక 1950వ సంవత్సరపు మాట. హైదరాబాదు రాజ్యం 1948 సెప్టెంబరులో భారతదేశంలో కలిసినది. తెలుగు జిల్లాలతోపాటు మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కూడ అందులో వుండేవి. సంస్థానపు పాతవాసన పూర్తిగా వదలని ఆ నగరం నుండి బయలుదేరిన జట్టు ఆ ఏడు బొంబాయిలో రోవర్సు కప్పును, ఢిల్లీలో డ్యూరాండు కప్పును రెంటినీ తెచ్చినది.

ఆ కప్పుల స్థాయి తెలిస్తే గాని ఈ వార్త బరువు తెలియదు. ఆఫ్ఘనిస్థానపు సరిహద్దు గీతకు పేరిచ్చిన మార్టిమర్ డ్యూరాండు దొర 1888లో సిమ్లాలో ప్రారంభించిన పోటీ డ్యూరాండు. రోవర్సు 1891లో బొంబాయిలో మొదలయినది. రెండును చిరకాలం ఆంగ్లేయ సైనికదళాల సొత్తు. 1937లో బెంగుళూరు ముస్లిములు రోవర్సును గెలిచేవరకు దాని మీద భారతీయ జట్టు పేరు లేదు; 1940లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగు గెలిచేవరకు డ్యూరాండు స్థితియును ఇంతే. యుద్ధం వలన ఆగిన డ్యూరాండు స్వతంత్ర భారతంలో మొట్టమొదటిసారిగా జరిగినది 1950లోనే. అంతిమ పోటీలో ఎదుట నిలిచినది మోహన్ బగాన్. 1911లో వట్టికాళ్లతో ఆడి ఆంగ్లేయ పటాలాన్ని ఓడించి దేశభక్తులకు ఆరాధ్యమైన క్లబ్బది. దానిని ఓడించి హైదరాబాదు పోలీసులు కప్పును దక్షిణానికి తెచ్చినారు.

రోవర్సు కప్పు మరి నాలుగేండ్లు బొంబాయి విడిచి హైదరాబాదుకే వస్తూ వున్నది: 1950, 1951, 1952, 1953, 1954. వరుసగా అయిదు. బొంబాయి కూపరేజి మైదానంలో ప్రేక్షకులకు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్, లాయిక్ వంటి పేర్లు కంఠస్థమయినవి. ఆరవ ఏట మోహన్ బగాన్ ఆ గొలుసును తెంచినది. 1954లో డ్యూరాండు మరల వచ్చినది.

ఇంతకును వీరు వృత్తిక్రీడాకారులా? కాగితం మీద కారు. ఇంగ్లండులో ఆ రోజులలో ఆటగానికి క్లబ్బు జీతమిచ్చేది. ఆ జీతానికి కూడ 1961 వరకు గరిష్ఠ పరిమితి వుండేది. మన దేశంలో ఆటకు జీతమన్న మాట లేదు, ఉద్యోగానికి జీతం వున్నది. పేద ఇంటి కుర్రవాడు బాగా ఆడితే పోలీసుశాఖలో కొలువు దొరికేది, ఇంటికి నెలజీతం చేరేది. శాఖలో శివకుమార్ లాల్ వంటి ఉన్నతాధికారి ఆటకు అండగా నిలిచినారు. గోషామహలులోని పోలీసు క్రీడామైదానానికి ఆయన పేరే పెట్టినారు. పేరుకు ఔత్సాహికులు, పనికి నిత్యసాధకులు. ఆ రోజుల భారతీయ ఫుట్‌బాలు చాలావరకు ఈ నడిమి దారినే నడచినది.

ఈ కథ చెప్పేవారు సాధారణంగా దాటిపోయే సంగతి ఒకటి వున్నది. 1950లో నల్లగొండ జిల్లా గ్రామాలలో "పోలీసు" అన్న మాటకు అర్థం వేరు. తెలంగాణా సాయుధ పోరాటం ఇంకను సాగుతున్నది. 1951 అక్టోబరులో గాని అది విరమించబడలేదు. పల్లెలలో సాయుధ బలగాల శిబిరాలు, సోదాలు, నిర్బంధాలు. ఖాకీ దుస్తులు కనపడితే తలుపు మూసికొన్న ఇండ్లెన్నో. ఆ ఏటనే, అదే ప్రభుత్వపు పోలీసుశాఖ పేరు ధరించిన పదకొండుగురు బొంబాయిలో, ఢిల్లీలో వేలమంది చేత చప్పట్లు కొట్టించుకొన్నారు. మైదానంలో బంతి తన్నిన కుర్రవాండ్లను ఆ గ్రామాల బాధకు బాధ్యులను చేయడం న్యాయం కాదు. అయినను హైదరాబాదు నుండి నల్లగొండకు అరవైమైళ్లు. అంత కొద్ది దూరంలో ఒక్క మాట రెండు విధాలుగా వినబడినది.

విజయాల వరుసలో ఒక ఘోర పరాజయం కూడ వున్నది. 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలకు పోయిన భారత జట్టుకు రహీం గారే శిక్షకులు. నూర్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ అందులో వున్నారు. పెక్కుమంది వట్టికాళ్లతో ఆడినారు. ఉత్తరదేశపు చలి, కాలు జారే పచ్చిక. యుగోస్లావియా పది గోళ్లు వేసినది, మనవారు ఒక్కటి వేసినారు. ఆ పిమ్మట మన ఆటలో బూట్లు తప్పనిసరి అయినవి.

ఓడిన జట్టుతో పోయిన ఆ ఉపాధ్యాయుడు ఊరకే తిరిగి రాలేదు. ఆ ఒలింపిక్సులో బంగారు పతకం హంగరీది. అంతిమ పోటీలో అది ఓడించినది ఆ యుగోస్లావియానే. మరుసటి సంవత్సరం నవంబరులో ఆ హంగరీయే లండనులోని వెంబ్లీలో ఇంగ్లండును 6–3తో ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరచినది. వారి ఉపాయం ఇది: ముందుభాగంలో నడుమ ఆడేవాడు ఎదుటివారి గోలు దగ్గర కాచుకొని వుండక వెనుకకు జరిగి నిలుస్తాడు. వానిని కాపాడే రక్షకుడు వెంటబోతే గోలు ముందు ఖాళీ ఏర్పడుతుంది. వెంటపోకపోతే వెనుకకు జరిగినవాడు తీరికగా బంతి పంచుతాడు. ఎటు పోయినా నష్టమే. రహీం గారు ఈ పద్ధతిని అభ్యసించి మనవారికి నేర్పినారు. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిలు ద్వారా లోకప్రసిద్ధి పొందిన 4–2–4 వ్యూహాన్ని కూడ ఆయన అంతకుముందే పరీక్షించినారని క్రీడాచరిత్రకారులు వ్రాస్తారు. బంతిని వెంటనే వదలడం, రెండు కాళ్లు వాడడం చిన్ననాడే వచ్చిన వారికి ఈ వ్యూహాలు కష్టంగా తోచలేదు. పునాది లేని చోట ఎంత చక్కని వ్యూహమైనా నల్లబల్ల మీది గీతగానే మిగులుతుంది.

ఆయన దృష్టి పోలీసు బలగం మీదనే నిలువలేదు. సికిందరాబాదు చేరువనున్న అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే బీదపిల్లవాని ఆట ఆయన కంటబడినది. నగరానికి వచ్చి సాధన చేయుమన్నారు. వచ్చుటకు డబ్బు లేదు. అద్దె సైకిలుకు కావలసిన పైకం రహీం గారే ఇచ్చినారని బలరాం తరువాత ఎన్నోసార్లు చెప్పుకొన్నారు. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సులో భారతదేశం ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగవ స్థానం పొందినపుడు ఆ జట్టులో బలరాం వున్నారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ మొదలుగా హైదరాబాదువారు మరికొందరు వున్నారు. శిక్షకులు ఎవరో చెప్పనక్కరలేదు.

హైదరాబాదు జట్టు 1956–57, 1957–58లలో వరుసగా సంతోష్ ట్రోఫీని గెలిచినది. 1957 క్రీడాకాలంలో సిటీ పోలీసు మరల 1950 నాటి పని చేసినది: రోవర్సులో మహమ్మడన్ స్పోర్టింగును, డ్యూరాండులో ఈస్టు బెంగాలును ఓడించినది. ఆ ఏడే బలరాం ఈస్టు బెంగాలు క్లబ్బులో చేరినారు. కలకత్తాలో పెద్ద ప్రేక్షకులు, పెద్ద పేరు, చేతికి నాలుగు డబ్బులు, పోయినవారిని తప్పుపట్టలేము. కాని నగరంలో తయారైన ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వెడలిపోవడం వలన, రహీం గారు ప్రతి ఏడు పాఠాన్ని మొదటినుండి చెప్పుకొనవలసి వచ్చినది. అది బడిపంతుళ్లకు కొత్త కష్టమేమీ కాదు.

కొత్త రాష్ట్రం ఏర్పడిన తరువాత జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టయినది. 1961లో డ్యూరాండును మరొకసారి గెలిచినది. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు రహీం గారు భారత జట్టును తీసికొనిపోయినారు. అప్పటికే క్యాన్సరు ఆయనను లోపలినుండి తింటున్నది. ఆటకు బయటి రాజకీయాల మూలంగా స్థానిక ప్రేక్షకులు మనవారి మీద తీవ్ర ఆగ్రహంతో వున్నారు. అంతిమ పోటీకి ముందు తనకొక కానుక కావలెనని, అది బంగారు పతకమని ఆయన అడిగినట్లు ఆటగాళ్లు తరువాత చెప్పినారు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియా మీద 2–1తో గెలిచి ఆ కానుక ఇచ్చినారు. పోలీసు జట్టునుండి వచ్చిన యూసుఫ్ ఖాన్ ఆ విజేతలలో ఒకరు.

1963 జూన్ 11న రహీం గారు కన్నుమూసినారు. ఆ జకార్తా పతకం తరువాత ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాలుకు మరొక బంగారు పతకం రాలేదు. 2024లో ఆయన జీవితం ఆధారంగా హిందీ చలనచిత్రం వెలువడినపుడు, హైదరాబాదులోనే పుట్టి పెరిగిన యువకులు అనేకులు ఆ పేరును మొదటిసారి విన్నారు.