ఫ్రీబీఎస్‌డీలో త్రెడ్ లైబ్రరీల మార్పిడి: లిబ్‌మ్యాప్ పట్టిక పనితీరు

వ్యాససంగ్రహం:
ఒక ప్రోగ్రామును తిరిగి నిర్మించకుండానే అది వాడే త్రెడ్ లైబ్రరీని మార్చే సదుపాయం ఫ్రీబీఎస్‌డీ నిర్వాహక వ్యవస్థ అయిదో వరుసలో ఏర్పడింది. ఆ మార్పిడి అవసరం ఎందుకు కలిగింది, దేని ఆధారంగా సాధ్యమైంది, ఎక్కడ బెడిసికొడుతుంది అన్న విషయాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యూనిక్స్, ఫ్రీబీఎస్‌డీ, త్రెడ్, లైబ్రరీ, డైనమిక్ లింకర్, లిబ్‌మ్యాప్

1. పోగులు, వాటిని నడిపే పద్ధతులు

ఒకే ప్రోగ్రాము ఏకకాలంలో అనేక పనులు సాగించడానికి తనలో ఏర్పరచుకొనే అమలు ధారలను త్రెడ్‌లు అంటారు. తెలుగులో దీనికి ‘దారం’ కన్నా ‘పోగు’ అనే మాట తగినది. దారం కండెకు చుట్టి విడిగా ఉండగలదు. పోగు అనగానే మగ్గం మీది తక్కిన పోగులు కూడా స్ఫురిస్తాయి. త్రెడ్ స్థితి అటువంటిదే. ప్రాసెస్‌కు చెందిన మెమొరీని, తెరిచిన ఫైళ్లను అది తోటి త్రెడ్‌లతో పంచుకుంటుంది.

1995 నాటి పోసిక్స్ ప్రమాణం త్రెడ్‌లను సృష్టించే, ఆపే, తాళం వేసే ఫంక్షన్లకు పేర్లు, ప్రవర్తన నిర్ణయించింది. లోపల వాటిని ఎలా నడపాలన్నది మాత్రం అమలుచేసేవారికే వదిలింది. ఈ స్వేచ్ఛ వల్లనే ఒకే పేర్లను అందించే వేర్వేరు లైబ్రరీలు పుట్టాయి.

ఫ్రీబీఎస్‌డీ నాలుగో వరుసలో ఉన్నది లిబ్‌సీ_ఆర్. ఇందులో త్రెడ్‌లన్నీ ఒకే ప్రాసెస్ లోపల, కెర్నల్‌కు తెలియకుండా నడుస్తాయి. అందువల్ల యంత్రంలో రెండు ప్రాసెసర్లు ఉన్నా ఒక ప్రోగ్రాము త్రెడ్‌లు ఒకదానినే వాడుకోగలవు. ఒక త్రెడ్ డిస్కు నుండి చదవడానికి ఆగితే తక్కినవన్నీ ఆగిపోతాయి. డేటాబేస్ సర్వర్‌కు ఇది చిన్న ఇబ్బంది కాదు. కనుకనే ఆ రోజుల్లో మైఎస్‌క్యూఎల్‌ను లినక్స్‌త్రెడ్స్ లైబ్రరీతో ప్రత్యేకంగా నిర్మించుకొనే వెసులుబాటు ఉండేది. అయితే అది మార్పిడి కాదు, పునర్నిర్మాణం.

అయిదో వరుసలో రెండు ప్రయత్నాలు పక్కపక్కన సాగాయి. మొదటిది కేఎస్ఈ. కొన్ని కెర్నల్ అస్తిత్వాల మీద ఎన్నో త్రెడ్‌లను నడపడం దీని పద్ధతి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండర్సన్, బెర్షాడ్, లజోవ్‌స్కా, లెవీ 1991లో ప్రతిపాదించిన ‘షెడ్యూలర్ యాక్టివేషన్స్’ భావన దీనికి మూలం. రెండవది లిబ్‌థర్. ప్రతి త్రెడ్‌కూ ఒక కెర్నల్ త్రెడ్ చొప్పున కేటాయించడం దీని పద్ధతి. 2004లో వచ్చిన 5.3లో కేఎస్ఈ లైబ్రరీయే లిబ్‌పీత్రెడ్ పేరుతో ప్రధాన స్థానం పొందింది. సిద్ధాంత సౌందర్యం కేఎస్ఈది. కాని 2008 నాటి 7.0లో ఆ స్థానం సరళమైన లిబ్‌థర్‌కు దక్కింది.

2. పట్టిక చేసే పని

ప్రోగ్రాము ఫైలులో దానికి కావలసిన లైబ్రరీల పేర్లు మాత్రమే రాసి ఉంటాయి. లైబ్రరీలు అందులో ఉండవు. ప్రోగ్రాము మొదలైనప్పుడు డైనమిక్ లింకర్ ఆ పేర్లు చదివి, లైబ్రరీలను వెతికి తెచ్చి జతచేస్తుంది. వెతకబోయే ముందు ‘ఈటీసీ’ డైరెక్టరీలోని లిబ్‌మ్యాప్.కాన్ఫ్ అనే పట్టికను చూస్తుంది. ఆ పేరుకు ఎదురుగా మరొక పేరు ఉంటే దానినే వెతుకుతుంది. ఆరో వరుసలో డేటాబేస్ సర్వర్‌ను మాత్రమే లిబ్‌థర్ మీదకు మార్చదలచినవారు రాసుకున్న పంక్తులు ఇలా ఉంటాయి:

[మైఎస్‌క్యూఎల్‌డీ]
లిబ్‌పీత్రెడ్.ఎస్ఓ.2    లిబ్‌థర్.ఎస్ఓ.2
లిబ్‌పీత్రెడ్.ఎస్ఓ    లిబ్‌థర్.ఎస్ఓ

చదరపు కుండలీకరణాల్లోని పేరు నియమాన్ని ఆ ప్రోగ్రాముకే పరిమితం చేస్తుంది. అది లేకపోతే నియమం అన్నిటికీ వర్తిస్తుంది. పట్టిక మార్చినంత మాత్రాన అప్పటికే నడుస్తున్న సర్వర్ మారదు. దానిని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. లైబ్రరీలను తనలోనే కలుపుకొని నిర్మించిన స్టాటిక్ ప్రోగ్రాము మీద ఈ పట్టికకు అధికారం లేదు.

పేరు మారిస్తే చాలునా? చాలదు. ప్రోగ్రాము తన మెమొరీలో తాళాలకు, త్రెడ్ గుర్తులకు చోటు కేటాయించుకొని ఉంటుంది. ఒక లైబ్రరీలో తాళం ఒక పరిమాణంలో, మరొకదానిలో వేరొక పరిమాణంలో ఉంటే మార్పిడి మొదటి అడుగులోనే కూలుతుంది. ఫ్రీబీఎస్‌డీలో తాళం రకం ఒక పాయింటర్ మాత్రమే. అసలు నిర్మాణాన్ని లైబ్రరీయే వేరుగా సృష్టించి, దాని చిరునామాను అక్కడ ఉంచుతుంది. ప్రోగ్రాముకు లోపలి రూపంతో పనిలేదు. పట్టికకు దక్కిన ఖ్యాతిలో సగం నిజానికి ఈ పాత నిర్ణయానిది.

3. సగం మార్పిడి

అసలు ప్రమాదం మార్పిడి పూర్తికాకపోవడంలో ఉంది. ప్రోగ్రాము ఒక పేరుతో త్రెడ్ లైబ్రరీని కోరుతుంది. అది వాడే మరొక లైబ్రరీ అంతకుముందెప్పుడో నిర్మించినదై, పాత పేరుతోనో పాత సంఖ్యతోనో కోరుతుంది. పట్టికలో ఒక పేరుకే పంక్తి ఉంటే ఒకే ప్రాసెస్‌లోకి రెండు త్రెడ్ లైబ్రరీలు చేరుతాయి. రెండింటి ప్రారంభ క్రియలూ నడిచి, ప్రధాన త్రెడ్ తనదంటే తనదని భావిస్తాయి. ఒకటి సృష్టించిన తాళాన్ని మరొకటి తన నమూనాలో చదివితే ప్రోగ్రాము కూలుతుంది, లేదా కదలక నిలిచిపోతుంది. నిలిచిపోవడమే ఎక్కువ చిక్కు, ఎందుకంటే కూలినప్పుడు కనీసం ఆనవాలు మిగులుతుంది. కనుక మార్పిడి తరువాత ఎల్‌డీడీ ఆదేశంతో జాబితా చూసుకోవాలి. అది పట్టిక వర్తించిన తరువాతి పేర్లనే చూపుతుంది. అందులో ఒకే త్రెడ్ లైబ్రరీ కనిపించాలి.

4. కేఎస్ఈ తొలగింపు తరువాత

2008లో, ఎనిమిదో వరుస అభివృద్ధి సాగుతున్న దశలో, కెర్నల్ నుండి కేఎస్ఈని పూర్తిగా తొలగించారు. దానితో లిబ్‌పీత్రెడ్.ఎస్ఓ.2ను కోరే పాత ప్రోగ్రాములకు ఆధారం పోయింది. మూలకోడ్ చేతిలో ఉంటే తిరిగి నిర్మించుకోవచ్చు. కాని అమ్మిన సంస్థ బైనరీ మాత్రమే ఇచ్చి ఉంటే ఆ దారి లేదు. అటువంటి ప్రోగ్రాముల కోసం పాత పేర్లను అదే సంఖ్య గల లిబ్‌థర్‌కు మళ్లించే పంక్తులను అభివృద్ధిదారులు తొలగింపు ప్రకటనతోపాటే ఇచ్చారు. పరీక్షల కోసం వాడిన పట్టిక అక్కడ పాత ప్రోగ్రాములను బతికించే సాధనమైంది.

పాయింటర్ నిర్ణయానికి మూల్యం లేకపోలేదు. రెండు ప్రాసెస్‌లు పంచుకొనే మెమొరీలో తాళం పెడితే అక్కడ ఉండేది ఒక చిరునామా. అది ఒక ప్రాసెస్‌కే అర్థవంతం, రెండవదానికి నిరర్థకం. అందుచేత ప్రాసెస్‌ల మధ్య పంచుకొనే తాళాలు ఫ్రీబీఎస్‌డీలో చాలాకాలం లేవు. 2016లో వచ్చిన 11.0లో తాళం పరిమాణాన్ని మార్చకుండానే, అసలు నిర్మాణాన్ని వేరొక ఉమ్మడి పేజీలో ఉంచే ఏర్పాటుతో ఆ లోటు తీర్చారు.