బొమ్మ చూసి కాదు, అక్షరం చూసి

హౌరాలో ఎక్కే చాలా లోకల్ రైళ్ల దారిలో ముందుగా వచ్చే స్టేషన్ లిలువా. బోర్డుపై ఆ పేరు బెంగాలీ, హిందీ, ఇంగ్లీషుల్లో ఉంటుంది. మొదటి ‘లి’ని గమనించండి. బెంగాలీ, హిందీల్లో ‘ఇ’ గుర్తు ‘ల’కు ఎడమ పక్కన ముందే నిలబడుతుంది, కానీ వినిపించేది తర్వాత. ఇంగ్లీషులో రెండూ విడి అక్షరాలు. తెలుగులో రాస్తే గుడి ‘ల’ నెత్తిన కూర్చుంటుంది. ధ్వని ఒకటే, అమరికలు మూడు. వీధిలో ఈ మూడు లిపులు చూస్తూ పెరిగే తెలుగింటి పిల్లలకు మన లిపిని ఇంట్లో ఎలా నేర్పాలి?

మాటలు వింటూనే వస్తాయి, చదువు అలా రాదు. లిపి పుట్టి సుమారు 5,000 ఏళ్లే అయింది కాబట్టి దానికోసం మెదడులో పుట్టుకతో ప్రత్యేక ఏర్పాటు లేదు. ఎడమ మెదడు వెనుక అడుగుభాగంలో, వస్తువులనూ ముఖాలనూ పోల్చుకునే ప్రాంతంలో కొంత భాగం సాధనతో అక్షరాలను గుర్తించే పనికి మళ్లుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త స్టానిస్లాస్ దెహాన్ వివరించారు. గుర్తుకూ ధ్వనికీ లంకె వేసి నేర్పే పద్ధతే ఫోనిక్స్. అప్పటిదాకా నేర్పిన గుర్తులతోనే అల్లిన పాఠాన్ని డీకోడబుల్ పాఠం అంటారు.

ప, ల, త, గ, ద అనే ఐదు హల్లులు, దీర్ఘం, గుడి, కొమ్ము, సున్న నేర్పామనుకుందాం. ‘పులి పాలు తాగింది’ అని రాయవచ్చు. పక్కన పిల్లి బొమ్మ వేస్తే, ఊహించే పిల్లలు ‘పిల్లి’ అంటారు. అక్షరాలు కూడబలుక్కున్న పిల్లలు ‘పులి’ అని నవ్వుతారు. తేడా అక్కడే తెలిసిపోతుంది.

మన వాచకాలు తల, వల, పలక, పడవ వంటి సరళ పదాలతో మొదలవుతాయి. మంచిదే. కానీ తెలుగులో క్రియలూ విభక్తులూ ఎక్కువగా గుణింతంతోనే ముగుస్తాయి: తాగింది, పడవలో, పలకకు. అందుకే తలకట్టు పదాలతో కథ నడవదు. గుణింతాలన్నీ వచ్చేదాకా ఆగుదామంటే అవి 400 దాటుతాయి. తెలుగులాంటి లిపే ఉన్న కన్నడంలో, అక్షరాలపై పట్టు నాలుగో తరగతికి కూడా పూర్తికాలేదని సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. కాబట్టి మూడు నాలుగు గుణింతపు గుర్తులు రాగానే వాక్యాలు ఇవ్వాలి. తర్వాత ‘పిల్లి’ వంటి ద్విత్వాలు, ఆపైన ‘పుస్తకం’ వంటి సంయుక్తాలు.

అయితే ఈ పాఠాలు సర్వరోగ నివారిణి కావు. 2004లో అమెరికాలో ఒకటో తరగతి పిల్లలపై జోసెఫ్ జెంకిన్స్ బృందం చేసిన పరిశోధనలో, ఫోనిక్స్ బోధన ఒకేలా ఉన్నప్పుడు డీకోడబుల్ పాఠాలు చదివినవారికీ మామూలు పాఠాలు చదివినవారికీ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే అసలు బలం లంకెలను వరుసగా నేర్పడంలో ఉంది. పాఠం ఆ లంకెలకు సాధన మాత్రమే. పదసంపద పెరగాలంటే పెద్దలు కథలు చదివి వినిపించాల్సిందే.

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలన్నది 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం. బడిలో తెలుగు లేనిచోట ఆ బాధ్యత ఇంటిదే. రోజూ పది నిమిషాలు, ఐదు హల్లులు, ఒక పులితో మొదలుపెట్టవచ్చు.