మూడో హెచ్చరిక వేళ ఇంటి కరెంటు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు ఎక్కింది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. అంత వరద వచ్చినప్పుడు ముంపు ప్రాంతాలకు సరఫరా ఆపక తప్పదు. పక్కనే పాల్వంచలో, మణుగూరులో థర్మల్ కేంద్రాలున్నా ఫలితం ఉండదు. అడవి మీదుగా సాగే లైను మీద గాలివానకు ఒక్క చెట్టు కూలినా ఊరంతా చీకటే. అందుకే ఖమ్మం దాటి అడవి అంచుకు వెళ్లేకొద్దీ చిన్న జనరేటర్ అవసరమైన వస్తువు అవుతుంది. ఏది కొనాలో తేలాలంటే ఆ యంత్రం ఎలా ఎదిగిందో తెలియాలి.

1831లో లండన్‌లో మైకేల్ ఫారడే తీగచుట్టలోకి అయస్కాంతాన్ని దూర్చి తీశాడు. కదిలినంతసేపే కరెంటు పుట్టింది. మరుసటి ఏడాది పారిస్‌లో హిప్పొలైట్ పిక్సీ అయస్కాంతాన్ని చేతిపిడితో తిప్పే యంత్రం చేశాడు. నేడు ఆ పని పెట్రోలు ఇంజను చేస్తోంది. రెండు ధ్రువాల రోటర్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితేనే మన ఇళ్లకు కావలసిన 50 హెర్ట్జ్ వస్తుంది. బరువు పడి ఇంజను మందగిస్తే వోల్టేజీ కూడా పడిపోతుంది.

కొనేవారు మొదట చూడాల్సింది ఇక్కడే. రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు, ఒక ఫ్రిజ్ కలిపినా నడిచేటప్పుడు 350 వాట్లు మించవు. అయితే ఫ్రిజ్ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఐదారింతలు లాగుతుంది. ఆ ఒక్క క్షణాన్ని 1 కేవీఏ జనరేటర్ సెట్టు తట్టుకోలేకపోవచ్చు, 2 కేవీఏ నిబ్బరంగా మోస్తుంది. బోరు మోటారు కూడా వేయాలంటే దాని ప్లేటు మీది ఆంపియర్లు రాసుకెళ్లి షాపులో చూపించాలి.

1866, 67 ప్రాంతంలో జర్మనీలో సీమెన్స్, ఇంగ్లండులో వీట్‌స్టన్, వార్లీ ఎవరికి వారే ఒక కిటుకు పట్టుకున్నారు. శాశ్వత అయస్కాంతం అక్కర్లేదు, ఇనుములో మిగిలి ఉండే కాస్త అయస్కాంతత్వం చాలు. దానితో పుట్టిన కరెంటే దాన్ని బలపరుస్తుంది. ఈనాటి చాలా సెట్లకు ఆధారం అదే. ఏళ్ల తరబడి మూలన పడేస్తే ఆ మిగులు పోతుంది. ఇంజను తిరుగుతుంది గానీ కరెంటు రాదు. నెలకోసారి లోడు పెట్టి పావుగంట నడపాలి. ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకూడదు.

1965లో హోండా ఈ300తో జనరేటర్ చేతితో మోసుకెళ్లేంత చిన్నదైంది. 1985లో శ్రీరామ్ హోండా కంపెనీ ఏర్పడి రుద్రపూర్‌లో సెట్లు తయారుచేయడం మొదలుపెట్టాక పెట్రోలుతో స్టార్టయి కిరోసిన్‌తో నడిచే సెట్లు మన పెళ్లిళ్లకు, జాతరలకు, కొట్లకు చేరాయి. ఆ తర్వాత వచ్చింది ఇన్వర్టర్ జనరేటర్. ఇది పుట్టిన కరెంటును ముందు డీసీగా మార్చి, మళ్లీ 50 హెర్ట్జ్ ఏసీగా మలుస్తుంది. లోడు తక్కువైతే ఇంజను నెమ్మదిస్తుంది కాబట్టి చప్పుడూ పెట్రోలూ తగ్గుతాయి. లాప్‌టాప్‌లకూ టీవీలకూ ఇదే మేలు. ధర మాత్రం ఎక్కువ.

ఏ సెట్టయినా లీటరు పెట్రోలుకు దాదాపు ఒకటిన్నర యూనిట్లే ఇస్తుంది. అంటే యూనిట్ 60 రూపాయల పైమాటే. రెండు మూడు గంటల కోతకు బ్యాటరీ ఇన్వర్టర్ చాలు. జనరేటర్ రోజుల తరబడి సాగే వరద కోసం.

కిన్నెరసాని అభయారణ్యం వైపు విహారానికి వెళ్లేవారికి నా సలహా వేరు. ఎండాకాలంలో, తునికాకు కోసే రోజుల్లో, అడవి నేలంతా ఎండుటాకులే. కాగిన సైలెన్సర్, పెట్రోలు డబ్బా అక్కడికి పనికిరావు. అభయారణ్యంలో జంతువులకు ఆ మోతే హాని. 500 వాట్-అవర్ల లిథియం బ్యాటరీ పెట్టె రెండు దీపాలకు, ఫోన్లకు ఒక రాత్రి సరిపోతుంది.

ఇక ప్రాణాల మాట. వాన పడుతోందని సెట్టును వరండాలోకి తేవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలుపులకు, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో, పైన రేకు వేసి, చుట్టూ గాలి ఆడేలా పెట్టాలి. జనరేటర్ వైరును గోడ సాకెట్‌లో గుచ్చడం అంతకన్నా ఘోరం. ఇంట్లో పుట్టిన 230 వోల్టులు వెనక్కి పోయి ట్రాన్స్‌ఫార్మర్‌లో 11,000 వోల్టులవుతాయి. సరఫరా ఆపామన్న నమ్మకంతో స్తంభమెక్కిన లైన్‌మన్ చేతికి అది తగులుతుంది. రెండు సరఫరాలూ కలవకుండా ఆపేది ఛేంజోవర్ స్విచ్ ఒక్కటే. డబ్బు చాలకపోతే ఒక కేవీఏ తగ్గించుకోండి గానీ ఆ స్విచ్‌ను, దాన్ని బిగించే ఎలక్ట్రీషియన్ కూలీని తగ్గించుకోవద్దు.