సిరాబుడ్డి అడుగున ఏముంది?

చారిత్రక కథలు రాస్తున్న యువరచయితలు పాత్రల మాటతీరు కోసం పడే శ్రమలో పదోవంతు కూడా వస్తువుల కోసం పడరు. దొర బల్లమీద ఒక పింగాణి సిరాబుడ్డి పెట్టేస్తే కాలం దానంతటదే కథలోకి వచ్చేస్తుందని నమ్మకం.

ఇబ్రహీంపట్నంలో ఒకప్పటి పట్వారీ ఇంట్లో నాకో తెల్ల దవాతు చూపించారు. ఊరి చెరువంత పాతదన్నారు. ఆ చెరువు ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడి (1550–80) నాటిదని చెప్పుకుంటారు. దవాతు బోర్లిస్తే అడుగున ఇంగ్లీషు అక్షరాల్లో ‘మేడిన్ జపాన్’!

అడుగు చూడడమే మొదటి పని. తన రేవులకొచ్చే సరుకుమీద దేశం పేరుండాలని అమెరికా 1891 నుంచి పట్టుబట్టింది. ‘ఇంగ్లండ్’ అన్న ముద్ర విరివిగా కనిపించేది అప్పటినుంచే. జపానువాళ్లు మొదట ‘నిప్పన్’ అని వేసి, 1921 నుంచి ‘జపాన్’కు మారారు. డైమండ్ ఆకారపు రిజిస్ట్రేషను గుర్తుంటే అది 1842–83 మధ్య బ్రిటన్‌లో నమోదైన నమూనా. 1884 నుంచి వరస నంబర్లు వచ్చాయి. అయితే అది నమూనా నమోదైన తేదీయేగాని బుడ్డిని కాల్చిన తేదీ కాదు. ఒకే నమూనాను ఏళ్ల తరబడి చేసేవారు. కనుక ముద్ర ‘ఇంతకు ముందుది కాదు’ అని మాత్రమే చెప్పగలదు. పైగా ముద్రలకూ నకళ్లున్నాయి. జర్మనీలో 1710లో మొదలైన మైసెన్ కార్ఖానా జంటకత్తుల గుర్తును ఎందరు కాజేశారో లెక్కలేదు.

పింగాణి అన్న మాట కూడా మనల్ని మోసగిస్తుంది. మెరుగుపూత ఉన్న ప్రతి తెల్లపాత్రనూ మనం పింగాణి అనేస్తాం. అసలు పింగాణిని పలుచని చోట దీపానికి అడ్డం పెడితే వెలుగు ఇవతలికి దిగుతుంది. పెచ్చు లేచినచోట మట్టిపాత్ర సిరాను పీల్చి నల్లబడుతుంది, పింగాణి పీల్చదు. టీ డికాషనుతో పాతదనం పట్టించే వ్యాపారులున్నారు కనుక మరకలను నమ్మకండి. బల్లమీద రాపాడి అరిగిన అడుగు అంచును చూడండి.

ఆకారం వాడకాన్ని చెబుతుంది. రెల్లు కలం ముంచే దవాతులో పట్టుపీచు వేసేవారు, కలం ఎక్కువ సిరా తీయకుండా. అంచుకు పెదవి ఉన్న చిన్నగిన్నె బడిబల్ల రంధ్రంలో కూర్చునేది. పైనంతా సన్నని చిల్లులుంటే అది సిరాబుడ్డే కాకపోవచ్చు. తడి అక్షరాలమీద ఇసుక చల్లే డబ్బీ కావచ్చు.

ఆ ఇంట్లో దవాతు పక్కనే ఉర్దూ అప్పుపత్రాల కట్ట ఉంది. అన్నిటికన్న పాతది 1342 ఫసలీ. 590 కలిపితే 1932. అడుగు ముద్రతో సరిపోయింది. పత్రాలమీద రాతంతా ఒకే చేతిది. అప్పు తీసుకున్నవాళ్ల పక్కన బొటనవేలి ముద్రలు. ఆ అప్పులు తీరాయా అని అడిగాను. ఇంటివాళ్లు మళ్లీ దవాతు సంగతే ఎత్తారు.