వ్యాసమునకు మార్కులు వేయు విధము



లెక్కకు జవాబు ఒక్కటే. వ్యాసమునకు అట్టి నిర్ణయము లేదు. అందుచేతనే విద్యార్థి రచనను పరీక్షించుట కష్టతరమైన పని. పిల్లవాని మార్కులను చూచి, వానిని పై చదువునకు పంపవలయునో, మాన్పింపవలయునో పెద్దలు నిశ్చయించుచుందురు. కావున ఆ మార్కులు ఎట్లు పుట్టునో మనము తెలిసికొనవలయును.

ధాన్యమును ఒకే కుంచముతో కొలిచినను, రాశిగా పోయువాని లెక్క వేరు, చదును చేయువాని లెక్క వేరు. వ్యాసమును దిద్దుటయు నట్టిదే. 1912లో అమెరికాలో స్టార్చి, ఇలియట్ అను విద్వాంసులు ఇద్దరు విద్యార్థుల ఇంగ్లీషు జవాబు పత్రములను అనేక పాఠశాలలకు పంపి దిద్దించిరి. 142 మంది ఉపాధ్యాయులు వేసిన మార్కులలో, ఒకే పత్రమునకు నూటికి ముప్పదికి మించిన వ్యత్యాసము కనబడినది. 1961లో ఆ దేశముననే డీడెరిక్ మొదలగువారు 300 వ్యాసములను 53 మందికిచ్చి, తొమ్మిది తరగతులుగా ఏర్పరుపుడనిరి. 101 వ్యాసములకు ఒకరి చేత కాకున్న నొకరి చేత తొమ్మిది తరగతులును లభించినవి! చదివినవారు అజ్ఞానులు కారు. ఒకరు భావమును, ఒకరు క్రమమును, ఒకరు వర్ణక్రమ దోషములను, మరియొకరు పదముల పొందికను, వేరొకరు రచనలోని రుచిని ముఖ్యముగా చూచిరి.

మన యాంధ్రులకు ఇది క్రొత్త విషయము కాదు. 1911 ప్రాంతమున మద్రాసు రాజధానిలో, పరీక్షలయందు తెలుగు వ్యాసమును గ్రాంథికమున వ్రాయవలయునా, వ్యావహారికమున వ్రాయవచ్చునా యను వివాదము చెలరేగినది. జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథిక పక్షమును, గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక పక్షమును వహించిరి. గురజాడ అప్పారావుగారు 1914లో తమ యసమ్మతి పత్రమును మద్రాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించిరి. నేను గ్రాంథికమున పెరిగినవాడను. అయినను ఒక మాట చెప్పెదను. ఏది తప్పో పరీక్షకులకే నిశ్చయము లేనప్పుడు, బాలుడు తప్పు వ్రాసెననుట న్యాయము కాదు.

ఇక ప్రశ్నను కూర్చుటలోని చిక్కు. సముద్రమును చూడని బాలుని సముద్రతీరమును వర్ణింపుమన్నచో, మనము పరీక్షించునది వాని రచనను కాదు, వాని ప్రయాణములను. అందరెరిగిన విషయమునే ఇత్తమన్నచో, కంఠస్థము చేసిన వ్యాసము దిగుమతి యగును. పోనీ, తప్పొప్పులు గుర్తించు చిన్న ప్రశ్నల నిత్తమా? అప్పుడు మార్కులలో భేద ముండదు. కాని యితరుల వాక్యములోని తప్పును పట్టగలవాడు తాను పది వాక్యములు పొందికగా వ్రాయగలడని చెప్పజాలము.

దీనికి ఉపాయములు లేకపోలేదు. దిద్దుటకు ముందే భావమునకిన్ని, క్రమమునకిన్ని, భాషకిన్ని అని మార్కులను పంచుకొనవలయును. ఉత్తమ, మధ్యమ, అధమ వ్యాసములను కొన్నింటిని అందరును కలిసి చదివి, ఒక యొడంబడికకు రావలయును. పేరు కనబడకుండ ఇద్దరు వేరువేరుగా దిద్ది, భేదము మిక్కుటమైనచో మూడవవాని కీయవలయును. ఒక్క విషయము గాక రెండు మూడు విషయములపై వ్రాయింపవలయును. ఏలయన, ఒకదానియందు తడబడినవాడు మరియొకదానియందు రాణించును. వీనికి కాలమును ధనమును కావలయును. అంతియేకాక, మార్కులను మరీ ముక్కలు చేసినచో, తప్పులేని నిస్సారపు వ్యాసము, జీవముగల వ్యాసమును మించిపోవు ప్రమాదమును కలదు. కావున చివర మొత్తమును మరల నొకసారి చదివి చూడవలయును.

ఎంత జాగ్రత్త వహించినను కొంత భేదము మిగులక మానదు. నాలుగైదు మార్కుల తేడాను చూచి ఒక బాలుని మెచ్చి, వేరొకనిని తెగడుట తగదు. మీ పిల్లవానికి వ్యాసమున తక్కువ వచ్చినచో, వాడు ఏడాది పొడుగున వ్రాసిన నోటుపుస్తకమును తెప్పించుకొని, మొదటి వ్యాసమును చివరి వ్యాసమును ప్రక్కప్రక్కన నుంచి చదువుడు. వాడెంత దూరము నడిచెనో ఆ రెండు పుటలే మీకు తెలుపును. చదువు మాన్పించు మాట అటుపిమ్మట ఆలోచింపవచ్చును.